వీలైతే రండి

జనపనార గోదాములో మంటలు పైకప్పుకు అంటుకున్నాయి. అందరూ బయటపడ్డారు, అసిరినాయుడు తప్ప. అతను మంటలార్పే పంపు పట్టుకుని లోపలే ఉండిపోయాడు.

సూపర్‌వైజర్ నూకరత్నం మైకు అందుకుంది. అసిరినాయుడు ఆమె సొంత తమ్ముడు. "ఒరే" అని కేక వేయబోతుంటే చెవిలోని సమయజ్ఞ ఆపింది. ఎవరితో ఎప్పుడు ఎలా మాట్లాడాలో చెప్పే ఆ పరికరం లేకుండా ఇప్పుడు ఏ మిల్లులోనూ ఎవరూ నోరు విప్పడం లేదు. అది వచ్చాక తగాదాలు లేవు, సమ్మెలు లేవు.

"అనుభవజ్ఞుడు. ఆజ్ఞాపిస్తే మొండికేస్తాడు. నిర్ణయం ఆయనకే వదిలేయండి," అంది సమయజ్ఞ.

అలవాటుగా ఆమె గొంతు మెత్తబడింది.

"అసిరినాయుడు గారూ, మీకు వీలైతే బయటికి రండి."

"అలాగేనండీ. ఈ మూల కూడా ఆర్పేసి వస్తాను," అని లోపలినుంచి జవాబొచ్చింది.

ఆ వెంటనే పైకప్పు కూలిపోయింది.

సాయంత్రం ఆస్పత్రి వరండాలో మిల్లు మేనేజరు అసిరినాయుడి భార్య గౌరి ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"పంపు పాతదమ్మా. తప్పంతా దానిదే."

గౌరి పక్కనే ఉన్న నూకరత్నాన్ని అడిగింది.

"ఒదినా, ఆకర్న నీ తమ్ముడితో ఏటన్నావు?"

నూకరత్నం అన్న మాటలు అన్నట్టే చెప్పింది.

"ఇంటికాడ నువ్వు 'రారా' అంటే తింతున్న కంచం ఒగ్గేసి లెగిసొచ్చీవోడు కదే," అంది గౌరి. తర్వాత మేనేజరు వైపు తిరిగింది.

"మా ఆయన్ని మీ మర్యాద సంపేసింది బాబూ."