తట్ట మోసే బండి

"సీటు ఇంత కిందకి దించీసినావేటిరా? నువ్వేటి పొట్టోడివా?"

నూకయ్య చేతికర్రతో మోటారుసైకిలు సీటు మీద కొట్టి అడిగాడు. అతను ఆ బెస్తపేటకి కులపెద్ద. పేటంతా కలిసి లాగే పెద్దవలలో ఎవరికి వాటా ఉండాలో, ఎవరికి ఉండకూడదో చెప్పేది అతనే.

గంగరాజు తల ఎత్తలేదు. "గట్టు మీద జారితే కాలు నేలకి ఆనాల కదా సిన్నాన్నా."

"గొలుసుకి ఈ కిరసనాయిలు డబ్బా రేకేటి?"

"ఏదీ లోపలికెల్లి సుట్టుకోకండా."

రెండో ప్రపంచయుద్ధం ఆగిపోయాక మిలటరీవాళ్ళు విశాఖపట్నంలో పాత బళ్ళని తుక్కు కింద అమ్మేశారు. యుద్ధకాలంలో అక్కడి షెడ్డులో కూలి చేసిన గంగరాజుకి బోల్టులు విప్పడం, బిగించడం వచ్చు. పెళ్ళాం మరిడమ్మ కాళ్ళ వెండి కడియాలు ఇచ్చి ఈ బండి తెచ్చాడు. తెచ్చిన రోజు దానికి సీటు కూడా లేదు. ఇప్పుడు విరిగిన పడవ చెక్కే సీటు, దాని మీద కొబ్బరిపీచు, పైన తెరచాప గుడ్డ. వెనకాల తట్ట కట్టడానికి వెదురు చట్రం. కిక్కు కడ్డీకి గొట్టం ముక్క తొడిగి పొడుగు చేశాడు. ఎంత బక్కకాలితో తన్నినా ఇంజను లేవాలి మరి. ఇంత బీద బండి జిల్లా మొత్తం వెతికినా దొరకదు.

ఇదంతా సరదాకి కాదు. శ్రావణంలో మరిడమ్మ తట్టతో జారిపడింది. అప్పటినుంచి నెత్తిన బరువు పెడితే చాలు, మెడనరం పట్టేసి కళ్ళు తిరిగి పడిపోతోంది. తట్ట లేకపోతే మామూలుగానే తిరుగుతుంది. కానీ బెస్తదానికి తట్ట లేకపోతే ఏముంది? ఇరుగుపొరుగు ఆడవాళ్ళు రెండు రోజులు వీళ్ళ చేపలు కూడా మోశారు. మూడో రోజు వాళ్ళ తట్టలే నిండిపోయాయి. ఎండబెడదామంటే ఎండే లేదు, ఒకటే ముసురు. గంగరాజు వాటా చేపలు గుడిసె ముందే కుళ్ళిపోతుంటే గొయ్యి తీసి పాతిపెట్టాడు. పాతిపెడుతూ ఏడ్చాడు కూడా.

నూకయ్య కర్ర నేలకి ఆన్చాడు. "సూడు గంగరాజా. మన కట్టుబాటు నీకు తెలవదా?"

ఎందుకు తెలియదు? ఆ పేటలో వల లాగిన మగాడు చేపలు సంతకి చేర్చకూడదు, అమ్మకూడదు. తాతల కాలంలో ఎవడో సంతకెళ్ళి, వచ్చిందంతా సారా తాగేసి, ఒట్టి తట్టతో ఇంటికొచ్చాడట. అప్పటినుంచి అమ్మకం ఆడవాళ్ళది. తాగినవాడు ఒకడు, శిక్ష ఊరందరికీ. కట్టుబాటు మీరినవాడు నడుముకి కట్టుకుని వల లాగే తాడుని నలుగురి ముందూ కోసేస్తారు. తాడు తెగినవాడిని ఆ తీరంలో ఏ వలా చేర్చుకోదు.

"రేపు ఈ ఫట్‌ఫటి మీద నువ్వు సేపలు కోటబొమ్మాళి సంతకి ఎత్తుకెల్తే, నీ తాడు నా సేత్తోనే కోస్తాను."

"పిల్లలు రెండ్రోజులై గంజినీళ్ళ మీద ఉన్నారు సిన్నాన్నా. రేపు సేపలు ఎల్లాల."

"అయితే దారి కాడ ఉంటాం."

నూకయ్య వెళ్ళిపోయాక మరిడమ్మ గుడిసెలోంచి వచ్చి బండి పక్కన కూర్చుంది.

"తాడు తెగితే ఏటి మావా?"

"సేపలు ఇక్కడే కుళ్ళిపోతే తాడుండి ఏటి సేస్తామే?"

"నాకు బయమేస్తంది."

"నాకూ ఏస్తంది. ఆ క్లచ్చి నొక్కు. ఇంకా. ఇప్పుడు నెమ్మదిగా ఒగ్గీ."

తీగ బిగించడం, ఆమె నొక్కడం, మళ్ళీ బిగించడం. బండి వచ్చినప్పటినుంచీ ఇదే పని. రోజూ మధ్యాహ్నం ఇద్దరూ దాన్ని నౌపడ ఉప్పుమడుల గట్టు మీదకి నెట్టుకెళ్ళేవారు. ఈ వానల్లో అటు మనిషన్నవాడు రాడు. నిన్న మరిడమ్మ మోచెయ్యి, మోకాలు గీరుకుపోయి వచ్చింది.

"ఏటే ఆ దెబ్బలు?" అని పక్కింటి అసిరమ్మ అడిగింది.

"గట్టు జారుడుగున్నాది అత్తా."

మర్నాడు పొద్దున్నే వల ఒడ్డుకొచ్చింది. గంగరాజు వాటాకి తట్టెడు వంజరాలు పడ్డాయి. నెలరోజుల్లో అంత మంచి చేప పడలేదు. నడుం తాడు విప్పి ఇసకలో పెట్టి, తట్ట నెత్తికెత్తుకుని అతను గుడిసె వైపు పరుగెత్తాడు. ఆ తాడు నూకయ్య తీసుకున్నాడు.

సరుగుడు తోట మలుపులో పేట మగాళ్ళంతా దారికి అడ్డంగా నిలబడ్డారు. ఎవరి మొహంలోనూ సంతోషం లేదు. గంగరాజు పిల్లలు వాళ్ళకి మాత్రం కానివాళ్ళా? నూకయ్య ఎడం చేతిలో తాడు, కుడి చేతిలో చేపల కత్తి.

గుడిసెల వెనక ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి పట్టుకుంది.

"వస్తన్నాడు," అన్నారెవరో.

"నాకేటి సరదా అనుకున్నార్రా?" అన్నాడు నూకయ్య ఎవరి వైపూ చూడకుండా. తాడు మీద కత్తి ఆన్చాడు.

చప్పుడు దగ్గరైంది. సరుగుడు చెట్ల మధ్యనుంచి పొగ, తర్వాత ముందు చక్రం, వెనక తాళ్ళతో బిగించిన వంజరాల తట్ట కనిపించాయి. బండి తూలుతూ, బురద చిమ్ముతూ సూటిగా వాళ్ళ మీదకే వస్తోంది. నూకయ్య కత్తి ఆగిపోయింది. మగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దారి పక్కకి జరిగారు.

బండి తోలుతున్నది మరిడమ్మ.