అంకెలమ్మ లెక్క

"నూట ఇరవై రెండు పెట్టమని నీకెవరు చెప్పారు?"

స్కోరర్ కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూస్తూ అడిగాడు.

"ఎవరూ చెప్పలేదు బాబూ. పిల్లలు కొట్టారు, నేను పెట్టాను."

ఆడపిల్లల మ్యాచ్‌లకి టీవీ వాళ్ళు ఇంకా రాని రోజులవి.

ఆ మైదానంలో స్కోరు బోర్డంటే స్కోరర్ల గది మీద నిలబెట్టిన, నల్లరంగు వేసిన పెద్ద చెక్కగోడ. తెల్లటి అంకెలున్న రేకుల్ని దాని మేకులకి తగిలించాలి. ఆ పని చేసేది అరవై దాటిన ఒక సన్నటి మనిషి. పేరు అడిగినవాళ్ళు లేరు. అందరికీ అంకెలమ్మే.

మగవాళ్ళ మ్యాచ్‌లకి ఎంత పిలిచినా వచ్చేది కాదు. ఆడపిల్లల వన్డే అంటే మాత్రం అందరికంటే ముందొచ్చి రేకులు తుడుచుకునేది.

"నా పుస్తకంలో నూట ఇరవై ఒకటే ఉంది. ఒకటి తగ్గించు," అన్నాడు స్కోరర్.

"వైడ్‌కి ఒకటి. కీపర్ బంతి జారవిడిస్తే పరిగెత్తింది ఒకటి. రెండు కదా బాబూ."

స్కోరర్ పక్కకి తిరిగి, విదేశం నుంచి వచ్చిన అవతలి జట్టు స్కోరర్ పుస్తకం చూశాడు. అందులోనూ ఒకటే ఉంది.

"ఇక్కడ ఇద్దరం రాశాం. ఇద్దరికీ కళ్ళు లేవంటావా?"

"అంత మాట అనను. పరుగు తియ్యకపోతే ఆ పొట్టమ్మాయి అటువైపుకి ఎలా వెళ్ళింది? మీరే చూడండి."

స్కోరర్ చూడలేదు. ఇరవై ఏళ్ళుగా పుస్తకం రాస్తున్నాడు. మేకులకి రేకులు తగిలించే మనిషి దగ్గర లెక్కలు నేర్చుకునే ఖర్మ తనకి పట్టలేదనుకున్నాడు.

"ముందు రేకు మార్చు."

పైన రేకు మారలేదు.

మరో రెండు ఓవర్లకి మంచినీళ్ళ విరామం ఇచ్చారు. అంకెలమ్మ నిచ్చెన దిగింది. చేతిలో ఇందాకటి '2' అంకె రేకు ఉంది. సరాసరి మైదానం అంచుదాకా వెళ్ళి, తాడు దాటి, అంపైర్ వైపు నడిచింది. తొందర లేదు, బెరుకూ లేదు. సొంతింట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తున్నట్టు నడిచింది.

నీళ్ళు తాగుతున్న ఆటగాళ్ళు గ్లాసులు దించి చూశారు.

"అయ్యా, ఇందాకటి వైడ్‌కి పరుగు పూర్తయిందా?" అని అడిగింది.

"పూర్తయింది. మొత్తం రెండు," అన్నాడు అంపైర్. "ఏం, రాసుకోలేదా?"

స్కోరర్లిద్దరినీ పిలిపించారు. పుస్తకాలు దిద్దించారు. స్కోరర్ రబ్బరు పెట్టి ఎంత గట్టిగా రుద్దాడంటే కాగితం చిరిగినంత పనైంది.

గది దగ్గరికి వచ్చాక అంకెలమ్మని ఆపాడు.

"నలుగురిలో నా పరువు తీశావు. రేపటి నుంచి రావద్దు."

"సరే బాబూ. ఈ మ్యాచ్ అయ్యేదాకా ఉండనివ్వండి. పిల్లలకి ఇంకా అరవై పైన కావాలి."

సమాధానం కోసం ఆగకుండా నిచ్చెన ఎక్కేసింది.

అవతలి జట్టు కొట్టింది నూట ఎనభై ఏడు. ఆ జట్టు మీద మనవాళ్ళు అప్పటిదాకా ఒక్క వన్డే కూడా గెలవలేదు.

చివరి ఓవర్‌కి తొమ్మిది వికెట్లు పోయాయి. ఒక్క బంతి మిగిలి ఉండగా స్కోర్లు సమం అయ్యాయి.

బ్యాట్ పట్టుకున్నది ఆ పొట్టమ్మాయే. బోర్డు వైపు ఒకసారి చూసింది. రెండు కావాల్సి ఉంటే బంతిని గాల్లోకి లేపాల్సి వచ్చేది. ఒకటి చాలని బోర్డు చెబుతోంది.

బంతిని మెత్తగా ఖాళీలోకి తోసి పరుగు అందుకుంది.

గెలిచారు.

చూడ్డానికి వచ్చింది మూడు నాలుగొందల మందే అయినా, మైదానం మొత్తం నిండినంత చప్పుడైంది. ఆడపిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు.

స్కోరర్ చివరి గడిలో ఒకటి వేశాడు. ఆ వైడ్ పరుగు ఎక్కకపోయి ఉంటే ఇప్పుడు ఇది సమంగా ముగిసేది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

బయటికొచ్చి నిచ్చెన ఎక్కాడు. పైన ఎవరూ లేరు. 188 మాత్రం ఒక్క వంకర లేకుండా వేలాడుతోంది. మిగతా రేకులన్నీ తుడిచి, వరసలో పేర్చి ఉన్నాయి.

గేటు దాకా పరిగెత్తాడు. బస్సు వెళ్ళిపోయిందన్నాడు కాపలావాడు.

తిరిగొచ్చేసరికి గదిలో అవతలి జట్టు మేనేజర్ కూర్చుని ఉంది. తలంతా నెరిసిన పెద్దావిడ.

"బోర్డు దగ్గరుండే ఆవిడ ఏరీ?" అని అడిగింది.

"వెళ్ళిపోయారు మేడమ్." అంకెలమ్మ గురించి మర్యాదగా మాట్లాడటం అతనికి అదే మొదలు. "తప్పు నాదే. ఆ ఒక్క పరుగు కోసం ఆవిడ ఎందుకంత పట్టుబట్టారో అప్పుడు అర్థం కాలేదు."

మేనేజర్ పుస్తకం దగ్గరికి లాక్కుని, దిద్దిన చోట వేలితో తడిమింది.

"మీ దేశం ఆడిన మొట్టమొదటి వన్డేలో నేను మీ మీద ఆడాను. ఒక్క పరుగు తేడాతో గెలిచాం. మీ పరుగు ఒకటి పుస్తకంలో ఎక్కలేదని సాయంత్రం తెలిసింది. అప్పటికే రెండు జట్లూ సంతకాలు పెట్టేశాయి."

"మరి మావాళ్ళు గొడవ పడలేదా?"

"మీ కెప్టెన్ మా గదికొచ్చి అందరికీ చెయ్యి కలిపింది. 'మీ తప్పేం లేదు, ఇకనుంచి మా పరుగులు మేమే లెక్కపెట్టుకుంటాం' అంది."

స్కోరర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆ కెప్టెన్ ఇప్పుడు ఎక్కడున్నారో మీకు తెలుసా మేడమ్?"

"ముప్పై ఏళ్ళుగా నాకూ తెలీదు," అంది పెద్దావిడ. "ఇవాళ విరామంలో చేతిలో రేకుతో అంపైర్ దగ్గరికి నడుస్తుంటే, ఆ నడక చూసి గుర్తుపట్టాను."