మొరాయించే తోట ట్రాక్టర్

"నువ్వు అంటగట్టిన పాత ట్రాక్టర్ మళ్లీ మొరాయించిందయ్యా, మిలోయ్కో!" గేటు దగ్గరే నిలదీసింది స్తానిక. ఆమె భర్త పోయి చాలాకాలమైంది.

"పాత బండి కదా, అలుగుతుంది" అన్నాడు ఒంటిగాడు మిలోయ్కో, లోలోపల నవ్వుకుంటూ. బాగుచేసిన ప్రతిసారీ పెట్రోల్ పైపు కాస్త వదులు చేసి పోయేది తనే.

మా సెర్బియా పల్లెల్లో కూలి వద్దన్నవాడికి ప్లమ్ సారా పోసి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చోవడం మర్యాద మరి!

ట్రాక్టర్ ఇంజన్ మూత ఎత్తి చూస్తే పైపు గట్టిగా బిగించి ఉంది. స్పార్క్ ప్లగ్గే మాయం.

తెల్లబోయి తలెత్తాడు. పెరట్లో బల్లమీద రెండు సారా గ్లాసులు అప్పటికే నిండి ఉన్నాయి. స్తానిక ఏప్రన్ జేబులోంచి ప్లగ్గు తీసి వాటి మధ్య పెట్టింది.

"ఎప్పుడూ నువ్వే చెడగొట్టాలా? ఈసారి నా వంతు. కూర్చో."