పై అర

ఒంటెలు గేటు దాటకముందే గుర్రాలకు వాసన తగిలింది.

రోజ్ కంచెకు ఒరుసుకుంటూ వెనక్కి నడిచింది. ముసలి విల్‌ఫ్రెడ్ చెవులు నిక్కించి కదలకుండా నిలబడిపోయింది. కుక్కలు రెండూ, డెరిక్, తులసి, గేటు దగ్గర గొంతు చించుకుంటున్నాయి.

నారాయణసామి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చెరకు తోటల మధ్య మట్టి దారిలో ఒంటెలు వరసగా ఆగి ఉన్నాయి. ముందు ఎండకు కమిలిపోయిన ఒక తెల్లామె. వెనక ఆమె భర్త.

“ఈ పూటకి చోటు దొరుకుతుందా? ఉమ్‌హ్లాలి ఊళ్లో మిమ్మల్ని అడగమన్నారు. జంతువులంటే మీరు కాదనరట,” అందామె.

“అదే నా జబ్బు. ముందు ఒంటె మీది దుప్పటి ఒకటి ఇవ్వండి, మేడమ్.”

దుప్పటిని గుర్రాల కొట్టం తలుపు మీద ఆరేశాడు. ముప్పై ఏళ్లు కొట్టు నడిపినవాడు. తెలియని సరుకును ఎవరూ ఎగబడి కొనరు, ముందు ముట్టుకోనివ్వాలి. సాయంత్రానికి రోజ్ ఆ దుప్పటి మీద ముక్కు ఆనించింది.

ఆమె పేరు హెస్టర్. దక్షిణ తీరం నుంచి జులులాండ్ దాకా ఒంటెలతో నడిచి వెళ్తున్నారు. కొత్త ప్రభుత్వం వచ్చింది, పర్యాటకులు వస్తారు, ఒంటెలెక్కించి తిప్పుదామని ఆశ. లెక్క బాగానే ఉందనుకున్నాడు నారాయణసామి. పాత కొట్టులో మిగిలిన రాళ్లుప్పు తెచ్చి ఒంటెల ముందు పోశాడు.

అప్పుడే ఫోన్ మోగింది. పట్నంలో రెడ్‌హిల్ నుంచి భార్య సరస్. నల్లవాళ్లు కూడా మొదటిసారి ఓటేసిన ఏప్రిల్ ఎన్నికలకు ముందు, గొడవలవుతాయని భయపడి అక్క ఇంటి వెనక గదిలోకి వెళ్లింది. ఎన్నికలు చల్లగా అయిపోయాయి. చలికాలం వచ్చి పోయింది. ఆమె మాత్రం తిరిగి రానంటోంది. అక్కడ వీధి దీపాలున్నాయి, పలకరించే ఇళ్లున్నాయి.

“ప్రెగ్గీ నాయనా, తిన్నావా?” మొగుణ్ని కొడుకు పేరుతోనే పిలుస్తుంది.

“తింటాను. ఒంటెలొచ్చాయి.”

“హాయిబో! గుర్రాలు చాల్నేదా? అన్నీ అమ్మీసి రా. ఎవుడడుగుతాడు నిన్ను?”

“యార్డు ఖాళీ అయిన రోజు వస్తానన్నాను కదా.”

“గేటు మూయనోడి యార్డు ఎలా కాళీ అవుద్ది?” “ఈడ నాను ఒక్కదాన్నీ రొట్టి కాల్చుకుంటన్నా. ఆడ నువ్వు ఒక్కడివీ. ఇదేం సంసారం?”

అతను ఫోన్ పెట్టేశాడు. వెళ్లాలని అతనికీ ఉంది. మంచం మీద సరస్ వైపు దుప్పటి మడత ఇప్పటికీ విప్పలేదు.

చాలాకాలంగా దించని పళ్లేలు ఆరోజు దించాడు. బీన్స్ కూర, రొట్టె. అతిథులు తింటుంటే ఆపకుండా మాట్లాడాడు. కొట్టు కబుర్లే. ఎవరైనా గొడుగు మరిచిపోతే పై అరలో పెట్టేవాడట. ఎంతమంది బేరమాడినా అమ్మేవాడు కాదట. ఎవరిదో మరిచిపోకుండా దానికి వాళ్ల పేరే పెట్టేవాడట.

“‘సరస్, ముత్తుసామికి బూజు పట్టింది, ఎండలో పెట్టు’ అనేవాణ్ని. కొత్తగా వచ్చినవాళ్లు హడలిపోయేవాళ్లు.”

హెస్టర్ నవ్వింది. “అందుకేనా, మీ కుక్కలకీ అంత పెద్దమనుషుల పేర్లు?”

“తులసి అని కుక్కను పిలుస్తుంటే గుడికెళ్లే ఆడవాళ్లు ముఖం చిట్లిస్తారు,” అని మాట మార్చి ఇంకో రొట్టె వేశాడు.

తెల్లవారింది. హెస్టర్ భర్త కొట్టం చుట్టూ తిరిగి వచ్చాడు.

“ఒంటెలను చూసి బెదరని గుర్రాలు మాకు కావాలి. ఈ రెండూ ఇచ్చెయ్యండి. కుక్కలను కూడా తీసుకెళ్తాం. ధర మీరే చెప్పండి.”

యార్డు ఒక్క దెబ్బతో ఖాళీ. మధ్యాహ్నం బస్సెక్కితే రొట్టె వేడి మీద ఉండగానే రెడ్‌హిల్. బేరమంటే ప్రాణం పెట్టే మనిషి, నేల వైపు చూశాడు.

“అవి అమ్మే సరుకు కాదు.”

“ఆ కుక్కలు మిమ్మల్ని అసలు పట్టించుకోవు. చూడండి, ఎప్పుడూ రోడ్డు వైపే ముఖం.”

“అవును,” అన్నాడు నారాయణసామి.

ఇక బయలుదేరదామనుకునేసరికి ఒక ఒంటె కుంటింది. కోసిన చెరకు మోడు దాని పాదం అడుగున చీరింది. నడిస్తే పుండు పెద్దదవుతుంది. భార్యాభర్తలు పక్కకు వెళ్లి మాట్లాడుకున్నారు. హెస్టర్ తిరిగి వచ్చింది.

“దీన్ని ఇక్కడ ఉంచగలరా? ఒక్క వారం. లారీ తెచ్చి తీసుకెళ్తాం.”

“ఒక్క వారం,” అన్నాడతను.

“ఒట్టు.”

మిగతా ఒంటెలు చెరకు వెనక కనుమరుగయ్యే ముందు ఆమె వెనక్కి తిరిగింది.

“దాని పేరు చెప్పలేదు కదూ!”

“అక్కర్లేదు మేడమ్. మీ పేరు తెలుసుగా.”

దుమ్ము అణిగింది. కుక్కలు గేటు దగ్గర పడుకున్నాయి. నారాయణసామి రెడ్‌హిల్‌కు ఫోన్ చేసి, “ఇప్పుడే కాదు సరస్,” అన్నాడు.

తరువాత గుప్పెడు ఉప్పు పట్టుకుని, “రా, హెస్టర్,” అని ఒంటెను పిలిచి, ఓట్ల భయంతో ‘ఒక్క వారం’ అని చెప్పి ఇళ్లకు తాళాలేసుకుపోయిన ఇరుగుపొరుగువాళ్లు రోజ్, విల్‌ఫ్రెడ్, డెరిక్, తులసి అతని దగ్గర వదిలిపోగా, వాళ్ల పేర్లతోనే అతను పిలుచుకుంటున్న జంతువుల పక్కన దానికీ చోటు చూపించాడు.