నడిమి స్పీకరు

“మళ్ళీ చినిగిపోయింది,” అన్నాడు జోగారావు, షాపు మెట్ల దగ్గరే నిలబడి.

యాదయ్య తన ఆటోలోంచి నడుమెత్తు స్పీకరు పెట్టెలు రెండూ దింపాడు. సాలోమోను ముందరి గుడ్డ తీసి చూశాడు. రెండింట్లోనూ నడిమి స్పీకరు కాగితం నిలువునా చీలి ఉంది. నెల తిరక్కుండా ఇది మూడోసారి. మూడుసార్లూ సోమవారం పొద్దున్నే.

“ఎలుకలు కావచ్చు,” అన్నాడు జోగారావు ఎటో చూస్తూ.

తొంభై ఎనిమిది వానాకాలం అది. మేడ్చల్ బస్టాండు వెనక సాలోమోనుది చిన్న రిపేరు షాపు. జోగారావు కాకినాడ వైపు మనిషి; జీడిమెట్లలో ఉద్యోగం, శామీర్‌పేట దగ్గర కొత్త కాలనీలో ఇల్లు. మొదటిసారి వచ్చినప్పుడు అతను అడిగింది ఒక్కటే.

“ఇవి మా మామగారి కాలం నాటి పెట్టెలు. పాటలు బాగానే వస్తాయి గానీ మాట తెలియడం లేదు. మా ఆవిడకి మాట స్పష్టంగా వినబడాలి.”

“కింది పెద్దది దరువుకు, మీద ఉన్న చిన్నది సన్న సప్పుడుకు. మాటంత నడిమి దాంట్లకెల్లే వస్తది సార్. గది పాతవడ్డది. ఇంకా మంచిది తెచ్చి ఏస్త,” అన్నాడు సాలోమోను.

హైదరాబాదు కోఠీలో, గుజరాతీ గల్లీ రేడియో దుకాణాల్లో సగం రోజు తిరిగి ఒక జత తెచ్చాడు. అవి పాతవాటికన్నా పెద్దవి. రంపంతో చెక్కలో రంధ్రం వెడల్పు చేసి, లోపలి వైర్లన్నీ మార్చి బిగించాడు. జోగారావు ఇచ్చిన క్యాసెట్టే పెట్టి చూశాడు. ఒక ఆడపిల్ల సాంఘికశాస్త్రం ఒప్పజెబుతోంది. నల్లరేగడి నేలల దగ్గర తడబడి, “ఛీ, మళ్ళీ!” అని నవ్వింది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

“మా లిఖిత. పాఠం చూడకుండా చెప్పి, రికార్డు చేసుకుని, తప్పులు చూసుకునేది. మొన్న మార్చిలో టెన్త్ పరీక్షకి వెళ్తుంటే లారీ...” జోగారావు ఆగిపోయాడు.

పాఠం అయిపోయినా టేపు తిరుగుతూనే ఉంది; ఆ పొద్దున లిఖిత రికార్డింగు ఆపడం మరిచినట్టుంది. పాత స్పీకర్లలో అక్కడ గరగర తప్ప ఏమీ ఉండేది కాదట. ఇప్పుడు దూరం నుంచి మాటలు తేటగా వచ్చాయి.

“స్కూటరు మీద ముగ్గురం ఎందుకు నాన్నా? అమ్మా నేనూ బస్సులో పోతాంగా.”

“బస్సు కోసం ఎంతసేపు నిలబడతారే? ఎక్కండి, నేను దింపేస్తాను.”

రెండో గొంతు జోగారావుది. సాలోమోను గబుక్కున టేపు ఆపాడు. జోగారావు గోడవైపు తిరిగాడు.

“బాగుంది. ఆవిడకి ఇలాగే కావాలి,” అన్నాడు చివరికి.

ఆ తర్వాతే ఈ చినగడం మొదలైంది.

సాలోమోను చీలిన కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. “ఎలుక కొరికితే అంచు పీసులు పీసులుంటది సార్. ఇది బ్లేడుతోటి కోసిండ్రు. ఇంట్ల ఎవరెవరుంటరు?”

“నేనూ లలితా. పనికి పెంటమ్మ అని ఒకావిడ వస్తుంది. ఆదివారం చర్చికి పోతుంది, రాదు.”

“అమ్మ ఎట్లుంటది?”

“పొద్దున్నుంచి ఆ పెట్టెల ముందే. అది వినకపోతే అన్నం ముట్టదు.”

సాలోమోనుకు అర్థమైంది. బిడ్డ గొంతు కావాలి ఆ తల్లికి. దాని వెనకే వచ్చే ‘ఎక్కండి’ అన్న మాటను మాత్రం ఓర్చుకోలేకపోతోంది.

“అమ్మనేమనకుండ్రి సార్. ఈపాలి ముందల ఇనుప జాలీ బిగిస్త.”

జోగారావు జేబులోంచి డబ్బులు తీసి బల్ల మీద పెట్టాడు. “బిగించు,” అన్నాడు.

పై సోమవారం పెట్టెలు మళ్ళీ వచ్చాయి. జాలీ మరలు విప్పి, కాగితం కోసి, మరలు తిరిగి బిగించి ఉన్నాయి. జోగారావు గడ్డం మాసింది. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు.

“నా వల్ల కావడం లేదు సాలోమోనూ. బాగుచెయ్యమని అనలేను. వద్దనీ అనలేను.”

“నేనొచ్చి అమ్మతోటి మాట్లాడుత సార్.”

“వద్దు! ఇంటికి మాత్రం రావద్దు!”

అయినా సాలోమోనుకు మనసు ఆగలేదు; చీలిన కాగితాలు మార్చి పెట్టెలు బాగుచేశాడు. గురువారం, జోగారావు డ్యూటీలో ఉండే వేళ చూసుకుని, పెట్టెలు యాదయ్య ఆటోలో వేయించి శామీర్‌పేట బయలుదేరాడు.

తలుపు పెంటమ్మ తీసింది. హాల్లో పడకకుర్చీలో లలితకుమారి, మెడదాకా దుప్పటి. పెట్టెల్ని చూడగానే ఆమె ముఖం విప్పారింది.

“వచ్చాయా బాబూ? నాలుగు రోజులైంది దాని గొంతు విని.”

సాలోమోను వైర్లు కలిపి, ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. “అమ్మా, కోపం చెయ్యకుండ్రి. సార్ కావాలని చేసిండా? గా మాట ఇంటే మీ పానం ఎట్లయితదో నాకెరికే. కానీ గిట్ల కోస్తాంటే సార్ బతకడమ్మా.”

“కొయ్యడమేంటి? ఎలుకలు కొరికాయన్నారే ఆయన?”

తెలియనట్టు మాట్లాడుతోంది అనుకున్నాడు సాలోమోను.

“ఆ మాటంటావా, రోజూ వింటూనే ఉన్నాను. అందులో ఆయన తప్పేముంది?” అంది ఆమె మెల్లగా. “టేపు పెట్టు బాబూ.”

సాలోమోను టేపు పెట్టాడు. లిఖిత గొంతు గది నిండా పరుచుకుంది. లలితకుమారి కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెంపల మీదుగా మెడలోకి జారుతున్నా తుడుచుకోలేదు. పెంటమ్మ వంటింట్లోంచి వచ్చి, కొంగుతో ఆమె ముఖం తుడిచింది. సాలోమోను అర్థంకాక చూశాడు.

“లారీ గుద్దిన కాన్నుంచి అమ్మకు మెడ కింద ఏదీ కదలదన్నా,” అంది పెంటమ్మ.