వెండిచుక్క చేప గుడ్లు

"చుట్ట పట్టిన చేత్తో ఆ నీళ్లు ముట్టుకున్నావో, నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టను. తెలిసిందా?"

నరసరావుపేట కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరరు హనుమయ్యగారు అటెండరు దానయ్యకు రోజూ చేసే హెచ్చరిక అది. గాజు గిన్నెలో పన్నెండు గుడ్లు. తలమీద వెండిచుక్క ఉండే వేలెడు చేపవి. గుడ్డు పైకి అద్దమే. లోపల పిల్ల గుండె కొట్టుకోవడం మైక్రోస్కోపులో కనబడుతుంది. సోమవారం వాల్తేరు నుంచి ప్రొఫెసరుగారు వచ్చేది అది చూడ్డానికే.

శుక్రవారం పొద్దున్నే హనుమయ్యగారు గిన్నె మీద తడిగుడ్డ కప్పారు. రోజుకు పదిసార్లు మైక్రోస్కోపు మీద వాలే మనిషి, ఆవేళ ఒక్కసారీ చూడలేదు. "రేపటిదాకా గుడ్డ తియ్యకు. ఇక బాధ్యత నీదే," అని గుంటూరు బస్సెక్కారు.

శనివారం దానయ్య గుడ్డ తీశాడు. ప్రభువా! పన్నెండుకు పన్నెండూ సున్నం చుక్కల్లా తెల్లబడి ఉన్నాయి. చచ్చిన కప్పల్ని కుళ్లకుండా నిలవబెట్టే ఫార్మలిన్ వాసన గుప్పుమంది. ఆ గదిలో అది ఎప్పుడూ ఉండేదే. గురువారం నీళ్లు మార్చింది తనే. వేళ్లు వాసన చూసుకున్నాడు. చుట్ట కంపు.

ఏడేళ్ల టెంపరరీ ఉద్యోగం. పోయినట్టే.

"ఏందయ్యా, అన్నం ముట్టలేదు?" అంది భార్య దయామణి.

"పిల్లల్ని చంపానే. పన్నెండు మందిని."

ఆమె పరుగున వెళ్లి తలుపు గడియ పెట్టింది. సంగతంతా విన్నాక నెత్తి కొట్టుకుంది. "ఓస్, చేపలా! క్వారీ గుంటలో చానా ఉన్నాయిగా. పద."

ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి, ఇద్దరూ మొలలోతు నీళ్లలో నాచు గాలించారు. సాయంత్రానికి సరిగ్గా పన్నెండు గుడ్లు దొరికాయి. గిన్నె కడిగి కొత్త నీళ్లలో వాటిని వేసి, దానయ్య మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. ఎర్రటి చుక్క ఒకటి టుక్కుటుక్కుమంటోంది. ఏడుపొచ్చేసింది అతనికి.

సోమవారం హనుమయ్యగారు మొహం గంటు పెట్టుకునే వచ్చారు. మైక్రోస్కోపులో చూశారు. మళ్లీ చూశారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇవెక్కడివి?"

దానయ్య కాళ్లమీద పడ్డాడు. "తప్పయింది బాబూ! చుట్ట చేత్తో నేనే చంపా. ఇవి గుంటలోవి. నా ఉద్యోగం తియ్యమాకండి."

హనుమయ్యగారు స్టూలు మీద కూలబడ్డారు. బయట ప్రొఫెసరుగారి జట్కా ఆగింది.

"లేవయ్యా... గురువారం సాయంత్రం నీళ్లనుకుని గిన్నెలో ఫార్మలిన్ పోసి వాటిని చంపింది నేను, నీ మీదకు నెట్టేద్దామనే గుడ్డ కప్పి బస్సెక్కాను."