విప్పని కప్ప

ఆ కరువు ఏడు వాన కోసం కప్పతల్లి ఆడినప్పుడు, రుక్కమ్మ కప్పను రోకలికి కట్టి తూంకుంట వీధులన్నీ తిప్పింది. శామీర్‌పేట చెరువు ఎండిన మట్టిలోంచి తవ్వి తీసిన కప్ప అది. లావుపాటి ఒళ్లు, మట్టిరంగు వీపు. ఆట అయ్యాక దాన్ని విప్పి వదలాలి. ఆమె మరిచి రోకలిని వాకిట్లో పడేసింది.

చీకటిపడ్డాక వాన మొదలైంది. లాంతరు పట్టుకుని చూస్తే రోకలి నిలువునా నేలలో దిగి, జానెడే పైకి కనబడుతోంది.

"కప్ప ఎనుక కాళ్లతోని తవ్వుకుంట లోపలికి వోతదే," అన్నాడు భర్త భిక్షం.

"రోకలిని గూడ గుంజుకపోతదా?"

ఇద్దరూ చూస్తుండగానే ఆ జానెడూ దిగిపోయింది.

గడియ వేసి పడుకున్నారు. వాన వెలిసింది. ఆ నిశ్శబ్దంలో ఇంటి కింద దంపుతున్న చప్పుడు మొదలైంది. ఒక్కో దెబ్బకు మంచం కింది షాబాద్ బండ కొంచెం కొంచెం పైకి లేస్తోంది.